బీథోవెన్‌ను పారిస్‌కు వినిపించిన విద్యార్థులు

మన సంఘాల వార్షికోత్సవాలలో పిల్లల వాద్యగోష్ఠి ఒకటి ఉండడం పరిపాటి. పదిమంది పిల్లలు ఫిడేళ్ళూ వీణలూ పట్టుకొని వేదికమీద కూర్చుంటారు. కచేరి ముగియగానే ఏ తల్లో వచ్చి, "అన్నీ కలిసిపోయాయండీ, మా అమ్మాయి వాయించింది వినబడనే లేదు" అనడం మేము పలుమార్లు విన్నాము. ఆమె బాధ న్యాయమైనదే. మన సంగీతంలో ఒకరు ప్రధానం, తక్కినవారు పక్కవాద్యం. ఎవరి మనోధర్మం వారిది. అయితే డెబ్బై ఎనభైమంది కలిసి వాయిస్తూ, ఏ ఒక్కరూ విడిగా వినబడకుండా ఉండడమే గొప్ప అనుకొనే సంగీతం మరొకటి ఉన్నది. ఆ పద్ధతిలో కొందరు విద్యార్థులు ఒకప్పుడు పెద్దలు చేయని పని చేశారు. ఆ కథ ఈ నెల పాఠకులతో ముచ్చటించాలని మాకు అనిపించింది. ఫ్రెంచివారి సంగతి గనుక మన యానాం పాఠకులకు ఇంకొంచెం రుచించవచ్చును.

1789లో ఫ్రాన్సులో విప్లవం వచ్చినప్పుడు పారిస్ జాతీయ రక్షకదళానికి బ్యాండు కావలసివచ్చింది. సారెత్ అనే యువకుడు చెదిరిపోయిన సైనిక వాద్యకారులను పోగుచేసి ఆ బ్యాండు తయారు చేశాడు. దాని నుంచి ఒక బడి పుట్టింది. ఆ బడే 1795 ఆగస్టులో చట్టసభ నిర్ణయంతో పారిస్ సంగీత కళాశాల అయింది. విద్యార్థులు 600 మంది ఉండాలనీ, చదువుకు జీతం పుచ్చుకోరాదనీ నిర్ణయించారు. ఆడపిల్లలనూ చేర్చుకొన్నారు. కాని వారికి గాత్రం, కీబోర్డు వాద్యాలే తగినవని పెద్దల తలంపు. ఫిడేలు చేతబట్టి వాద్యబృందంలో కూర్చొనే చోటు ఆనాడు వారికి దొరకలేదు.

ఈ కళాశాలలో ఫిడేలు చెప్పినవారు బైయో, రోద్, క్రాయిట్జర్ అనే ముగ్గురు మహావిద్వాంసులు. ముగ్గురూ కలిసి ఒక పాఠ్యగ్రంథం వ్రాశారు. దానివల్ల కలిగిన ఫలితం చిన్నది కాదు. ఒక్కొక్క గురువు ఇంట ఒక్కొక్క బాణీ నేర్చినవారు పక్కపక్కన కూర్చుంటే కమాను ఒకరిది పైకి, ఒకరిది కిందికి పోతుంది. స్వరం కలిసినా నాదం కలియదు. ఒకే పుస్తకం, ఒకే సాధకం చేసిన పిల్లలకు ఆ చిక్కు లేదు. పైగా వారికి తీరిక ఉన్నది. నాటకశాలల్లో కూలికి వాయించే పెద్దలు ఒకటి రెండు సాధకాలతో వేదిక ఎక్కవలసిందే. పిల్లలు మాత్రం కావలసినన్నిసార్లు తిరగవేయవచ్చు.

"అభ్యాసాలు" అనే వినయమైన పేరుతో విద్యార్థులు బహిరంగంగా కచేరీలు ఇస్తూ వచ్చారు. 1806 నుంచి ఆ బృందాన్ని నడిపే పని ఎక్కువగా అబెనెక్ మీద పడింది. అతడు బైయో శిష్యుడు, జర్మను దేశం నుంచి వచ్చి ఫ్రెంచి పటాలంలో వాయించిన బ్యాండువాని కొడుకు. అప్పటికి పాతికేళ్ళవాడు.

ఆనాటి పారిస్ విద్వాంసులకు బీథోవెన్ అంటే గిట్టదు. తనకు అంకితమిచ్చిన ప్రసిద్ధమైన సొనాటాను క్రాయిట్జర్ ఎన్నడూ వేదికమీద వాయించలేదట. గురువుగారు పక్కన పెట్టిన మనిషిని శిష్యులు నెత్తిన పెట్టుకొన్నారు. 1807లో బీథోవెన్ మొదటి సింఫనీని, 1811లో మూడవదాన్ని వాయించారు. ఈ మూడవదానికే బీథోవెన్ మొదట బోనపార్ట్ పేరు పెట్టి, అతడు చక్రవర్తినని చాటుకోగానే కోపంతో ఆ పేరు గీకివేశాడు. కాగితం చిరిగిన ఆ ప్రతి ఇప్పటికీ వియన్నాలో ఉన్నది. అటువంటి కృతిని ఆ చక్రవర్తి రాజధానిలోనే, అతడు గద్దెమీద ఉండగానే, కుర్రవాళ్ళు మోగించారు!

తరువాత రోజులు మారినవి. 1815లో నెపోలియన్ పడిపోయాడు. విప్లవం కన్న బిడ్డ గనుక కళాశాలపై కొత్త ప్రభువులకు కంటగింపు. సారెత్‌ను తొలగించారు, బడికి పేరు మార్చారు. విద్యార్థుల కచేరీల వెనుకటి వైభవం పోయింది. అబెనెక్ సంగీత నాటకశాల కొలువులో పడ్డాడు. కాని వయసులో వాయించిన ఆ సింఫనీలు అతని చెవి వదలలేదు.

1826 నవంబరులో, వారి సంగీత దేవత సిసీలియా పర్వదినాన, అతడు స్నేహితులను విందుకు పిలిచాడు. వాద్యాలు తెచ్చుకోండి అన్నాడు. అందరూ మూడవ సింఫనీ ఎత్తుకొన్నారు. పొద్దెక్కింది, వంట చల్లారింది, వీరు లేవరు. చివరకు ఇల్లాలు వచ్చి బీథోవెన్ పేరు చెప్పి బ్రతిమాలితేగాని కంచాల ముందుకు రాలేదట. ఆ ఇల్లాలి ఓర్పుకు ఎవరూ బిరుదు ఇచ్చినట్లు లేదు!

ఆ విందు నుంచి పుట్టినదే కళాశాల కచేరీల సంఘం. కళాశాలలో చదివినవారు, చదువుతున్నవారు, చెప్పేవారు కలిసి ఏర్పరచుకొన్నారు. వచ్చిన సొమ్ము సభ్యులే పంచుకొనేవారు. 1828 మార్చి 9వ తేదీన మొదటి కచేరి. బీథోవెన్ పోయి ఇంకా ఏడాది నిండలేదు. (అదే కాలంలో తిరువయ్యారులో త్యాగయ్యగారు సజీవులై ఉన్నారు, ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలును అప్పటికే మనదిగా చేసివున్నారు.)

ఆ ఏటి కచేరీలకు బెర్లియోజ్ అనే విద్యార్థి వచ్చాడు. తండ్రి వైద్యుడు. కొడుకునూ వైద్యానికే పారిస్ పంపితే, శవాన్ని కోసే గది కిటికీలోంచి దూకి పారిపోయినవాడు. ఇంట తల్లికీ కొడుక్కూ ఈ విషయమై జరిగిన రగడ మన ఇళ్ళలో తెలియనిదేమీ కాదు. అతడు తన గురువు లెస్యూర్‌ను పట్టుబట్టి అయిదవ సింఫనీకి తీసుకువెళ్ళాడు. బయటికి వచ్చిన ముసలాయనకు టోపీ పెట్టుకోబోతే తల ఎక్కడున్నదో తెలియలేదట. మర్నాడు మాత్రం, ఇటువంటి సంగీతం చేయరాదురా అన్నాడు. ఇటువంటిది ఎక్కువమంది చేయలేరులెండి, దిగులుపడకండి అని శిష్యుడు సమాధానం. బెర్లియోజ్ స్వయంగా వ్రాసుకొన్న ముచ్చట ఇది. ఆయన కలానికి కొంత ఉప్పూకారం అలవాటే. రెండేళ్ళకు, 1830 డిసెంబరులో, అతని మొదటి సింఫనీ అదే మందిరంలో అబెనెక్ చేతిమీదుగా వెలువడింది.

అబెనెక్ చేతిలో కర్ర ఉండేది కాదు. ఫిడేలు కమానుతోనే నడిపేవాడు. ముందున్న కాగితం కూడా మొత్తం స్వరలిపి కాదు, మొదటి ఫిడేలు భాగం మాత్రమే. ఇదేమి విద్వత్తు అని నవ్వినవారున్నారు. కాని 1839లో పారిస్ వచ్చిన వాగ్నర్, జర్మనీలో తనకు గందరగోళంగా తోచిన తొమ్మిదవ సింఫనీని ఈ బృందం సాధకం చేస్తుండగా విని నిలువునా చలించిపోయాడు. ముప్ఫై ఏళ్ళ తరువాత కూడా ఆ సంగతి వ్రాశాడు. ప్రతి గతిలోనూ పాట ఎక్కడున్నదో వాద్యకారులకు తెలిసేదాకా అబెనెక్ ఏళ్ళతరబడి తోమించాడనీ, రహస్యమంతా అదేననీ ఆయన అభిప్రాయం.

పేరు వచ్చాక పెద్దరికమూ వచ్చింది. సంఘం కచేరీలకు చందా ఆసనాలు కుటుంబ ఆస్తివలె తండ్రి నుంచి కొడుక్కు దిగేవి. కొత్తవారి కృతులకు తలుపు అంత సులువుగా తెరుచుకొనేది కాదు. ఒకప్పుడు కొత్తదనం కోసం తెగించిన కుర్రవాళ్ళే ఇలా మారడం మాకు కొంచెం కష్టంగానే తోస్తుంది. అయినా 1849లో లూయీజ్ ఫరాంక్ రచించిన మూడవ సింఫనీని వాయించారు. ఆమె 1842 నుంచి ఆ కళాశాలలో పియానో ఆచార్యురాలు. మగ ఆచార్యులకన్న తనకు జీతం తక్కువ ఇస్తున్నారని పోరాడి 1850లో సమానం చేయించుకొన్నది.

ఆ సంఘం 1967లో ముగిసి, దాని స్థానంలో "పారిస్ ఆర్కెస్ట్రా" ఏర్పడింది. కళాశాల 1990లో నగరం అంచున లా విలెత్ అనే చోట కొత్త భవనంలోకి మారింది. అక్కడి విద్యార్థుల వాద్యబృందం ఇప్పటికీ కచేరీలు చేస్తూనే ఉన్నది, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి. 1811 నాటి పాత మందిరం కూడా నిలిచే ఉన్నది. ఆ ఆవరణలో ఇప్పుడు నాటక విద్యార్థులు చదువుకొంటున్నారు.