ఆకు కోసే చేతులకు 20 రూపాయల బీమా

నాలుగో జ్వరం లేచినాక మన ఇండ్లల్లో ఎవరికీ నిద్ర ఉండదు. తెల్లారకముందే కూలోళ్లు ఆకు కోయడానికి తోటలోకి దిగుతారు. నీళ్లు కట్టిన తోట, కింద ఎలుక బొరియలు. పాము ఎక్కడ ఉందో తెలీదు. గూళ్ల రేటు గురించి రోజూ మాట్లాడుకుంటాం, ఈ చేతుల గురించి కూడా ఒకసారి మాట్లాడుకుందాం.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015 నుంచి ఉంది. 18 నుంచి 70 ఏళ్ల వయసులో, బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఖాతా ఉన్న ఎవరైనా చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. ఒక కన్నో, చెయ్యో, కాలో పూర్తిగా పోతే 1 లక్ష. పాము కాటు, చెట్టు మీద నుంచి పడడం కూడా ప్రమాదం కిందే లెక్క.

మరి మన కూలోళ్లకు ఎందుకు అందడం లేదు?

మొదటిది, ఖాతాలో డబ్బు. బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. మే నెలాఖరులో బ్యాంకే 20 రూపాయలు పట్టుకుంటుంది. మనం కూలి చేతికే ఇస్తాం కాబట్టి చాలామంది ఖాతాలు ఖాళీగానే ఉంటాయి. మా పక్క ఊరిలో ఆకు కోస్తా ఒకామె పాము కరిచి చనిపోయింది. బీమాలో చేరిన మనిషే. కానీ ఆ మే నెలలో ఖాతాలో 11 రూపాయలే ఉండినాయి. పిల్లలకు ఏమీ రాలేదు.

రెండోది, ఆస్పత్రి కాగితం. పాము కాటుకు వెంటనే ఆస్పత్రికి పోయినట్టు రికార్డు ఉండాల. మంత్రం, నాటు మందు అని తిరిగితే ప్రాణానికీ ముప్పే, కాగితమూ ఉండదు. 108కి ఫోన్ చేయండి.

మూడోది, పేరు. సరిహద్దు దాటి కుప్పం, మదనపల్లి వైపు నుంచి కోలారుకో హోసూరుకో వచ్చినోళ్లకు ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌బుక్కులో ఇంకో రకంగా పేరు ఉంటుంది. నామినీ గడి ఖాళీ. చాలాసార్లు బీమా ఉన్న సంగతే ఇంటివాళ్లకు తెలీదు. క్లెయిం ఫారం వీలైనంత వరకు 30 రోజుల లోపల బ్యాంకుకు ఇవ్వాల.

రైతులుగా మన చేతిలో ఉండేది చిన్న పనే. మే నెల కూలి లెక్క చూసే రోజు పాస్‌బుక్కులు తెమ్మనండి. 20 రూపాయలు ఉన్నాయా, నామినీ పేరు ఉందా చూడండి. చదువు రానోళ్లకు ఇంట్లో పిల్లలతో ఫారం నింపించండి. ఐదుగురికి మనమే కట్టినా 100 రూపాయలు, కిలో గూళ్ల ధర కంటే తక్కువే. ఈ మెసేజ్ మీ ఊరి గ్రూపులో కూడా పెట్టండి.