పాత డీజిలు లారీ: పొగవేడిమి

కొల్లేటి చేపలను మంచులో నింపుకొని దెందులూరు మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిపై కలకత్తాకు పోవు లారీ నడుమ ఆగినచో, మరమ్మతు ఖర్చేగాక సరకును పోవును. పాత టర్బో ఇంజనులు చెడుటకు పొగవేడిమి మితిమీరుట యొక కారణము.

డీజిలునకు దగిన గాలి యందనిచో నల్లపొగ వచ్చును, వేడిమి హెచ్చును. పిస్టను అల్యూమినియపు మిశ్రలోహము. శుద్ధ అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడుకే కరగును. చమురు, నీరు చల్లార్చుచుండుటచేతనే పిస్టను నిలుచుచున్నది. పొగవేడిమి సుమారు 700 డిగ్రీలు దాటి చాలసేపున్నచో పిస్టను కరగవచ్చును, టర్బో పాడుకావచ్చును. నీటివేడిమి జూపు ముల్లు దీనిని వెంటనే తెలుపదు. కావున టర్బోకు ముందు గొట్టమున వేరుగా పైరోమీటరు అమర్చించుట మేలు.

నూర్పిళ్ల దుమ్ముకు గాలి ఫిల్టరు త్వరగా పూడును, తరచు చూడవలెను. టర్బో గొట్టముల కీళ్లలో గాలి కారరాదు. బలము కొఱకు పంపులో డీజిలు పెంచింపరాదు. బరువుతో వంతెన యెక్కునపుడు పైగేరులోనే కాలు నొక్కిపట్టుట, అలసిన యెద్దు తోక మెలిపెట్టుట వంటిది. ముందే గేరు తగ్గింపవలెను. బరువు లాగి వచ్చిన పిమ్మట మూడు నిమిషములు నెమ్మదిగా నడిపి ఇంజను నాపవలెను.

ఫిల్టరు ఖర్చునకు వెనుదీసి ఇంజనును పోగొట్టుకొనుట లాభము గాదు.