పద్మశ్రీ మాచాని సోమప్ప

కర్నూలు జిల్లా పడమటి అంచున ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు ఒకదానికొకటి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆదోని పత్తికి, ఎమ్మిగనూరు మగ్గానికి పేరు పొందాయి. ఈ ప్రాంతపు నల్లరేగడి నేలలలో పండిన పత్తి ఆదోని అంగడికి చేరి, జిన్నింగు మిల్లులలో గింజ వేరుపడి, బేళ్లుగా మారి రైలెక్కి దూరదేశపు మిల్లులకు తరలిపోయేది. అక్కడ నూలై, ఎన్నో చేతులు మారి, తిరిగి ఎమ్మిగనూరు నేతగాని గడపకు వచ్చేది. చేయి మారిన ప్రతిసారీ దాని వెల పెరిగేది. పత్తి పండించిన రైతు, బట్ట నేసిన కార్మికుడు ఒకే తాలూకావారైనప్పటికీ వారిద్దరి నడుమ అంత దూరం ఏర్పడింది. ఆ దూరం వలన కలిగిన నష్టాన్ని అధికంగా భరించినవాడు నేతగాడు. అతని పక్షాన నిలిచి, ఒక సంస్థను నిర్మించి, దానిని దేశం గుర్తించే స్థాయికి తీసుకొనివచ్చిన ప్రజాసేవకుడు మాచాని సోమప్ప.

సోమప్పగారి కృషి విలువ తెలియాలంటే, ఆనాటి నేతగాని బ్రతుకు ఎట్లుండెడిదో ముందుగా తెలియాలి. గుంట మగ్గం ముందు నేలపై కూర్చుండి, కాళ్లు గుంటలోనికి జార్చి, నాడెను అటునిటు విసరుతూ నేసేవాడు ఇంటి యజమాని. కానీ ఆ బట్ట అతడొక్కని శ్రమఫలితం కాదు. నూలును తోడడం, కండెలు చుట్టడం, ఆసుపోయడం, పడుగుకు గంజిపెట్టి వీధి పొడవునా సాగదీసి ఆరబెట్టడం వంటి పనులలో ఇల్లాలు, పిల్లలు, వృద్ధులు అందరూ పాల్గొనేవారు. ఇంటిల్లిపాదీ శ్రమించినా నూలు వారిది కాదు, నేసిన బట్టా వారిది కాదు. నూలు ఇచ్చేవాడు సావుకారు, బట్ట తీసుకొనేవాడు కూడా అతడే. మజూరీని నిర్ణయించేదీ అతడే. పెండ్లికో, జబ్బుకో అతని వద్ద తీసుకొన్న బయానా తీరేవరకు నేతగాడు మరొకరికి నేయడానికి వీలుండేది కాదు. ఆ బయానా తీరేది కాదు.

సావుకార్లందరూ నిర్దయులని చెప్పడం న్యాయం కాదు. వ్యాపారంలో మందం వచ్చినప్పుడు వారికీ నష్టమే. అయితే అట్టి సమయంలో సావుకారు చేయగలిగిన పని ఒకటి ఉన్నది. అతడు నూలు ఇవ్వడం ఆపివేయగలడు. నేతగాడు మాత్రం తినడం ఆపివేయలేడు. రాయలసీమలో వానలు తప్పిన ఏడు బట్ట కొనేవారు ఉండరు. పంట పోయిన రైతు ముందుగా మానుకొనేది కొత్త బట్టనే. అందువలననే 1876-78 నాటి ధాత కరువు వంటి విపత్తులలో పొలంలేని నేతగాడు సైతం రైతుతోపాటే చితికిపోయాడు.

దీనికి మార్గం సహకారమని అప్పటికే కొందరు గుర్తించారు. మన దేశంలో తొలి సహకార చట్టం 1904లో వచ్చింది. మద్రాసు రాష్ట్రం 1932లో తనదైన సహకార చట్టాన్ని చేసుకొన్నది. 1935లో మద్రాసులో చేనేత సహకార సంఘాలన్నింటికి కేంద్రంగా ఒక రాష్ట్రస్థాయి సంఘం వెలసింది. అప్పుడు ఎమ్మిగనూరు బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో భాగంగా మద్రాసు పాలనలో ఉండేది. ఈ నేపథ్యంలో 1938లో సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు.

సహకార సంఘం పనిచేసే విధానం చెప్పడానికి సులభం. నేతగాడు కొద్ది సొమ్ముతో వాటా కొని సభ్యుడవుతాడు. సంఘం నూలును పెద్దమొత్తంలో కొని, రంగులద్దించి, సభ్యులకు పంచుతుంది. నేసి తెచ్చిన బట్టను పరీక్షించి మజూరీ చెల్లిస్తుంది. ఆ మజూరీలో కొంత పొదుపు నిధిగా అతని పేరనే జమ అవుతుంది. బట్ట అమ్మగా మిగిలిన లాభం తిరిగి సభ్యులకే చెందుతుంది. పైకి చూస్తే సావుకారు స్థానంలో సంఘం వచ్చినట్లే కనిపిస్తుంది. కానీ లెక్క పుస్తకం మారింది. ఆ పుస్తకాన్ని చూపుమని అడిగే హక్కు నేతగానికి లభించింది.

నడపడం మాత్రం అంత సులభం కాదు. బట్ట అమ్ముడుపోని నెలలలో సావుకారువలె సంఘం నూలు ఆపలేదు. ఆపితే అది ఏర్పడిన ప్రయోజనమే నెరవేరదు. కనుక బట్ట గిడ్డంగిలో పేరుకుపోతున్నా నూలు ఇస్తూనే ఉండాలి, మజూరీ చెల్లిస్తూనే ఉండాలి. అందుకు అప్పు పుట్టాలి, అప్పు ఇచ్చేవారికి నమ్మకం ఉండాలి, బట్టకు దూరప్రాంతాలలో గిరాకీ కల్పించాలి. సోమప్పగారి ప్రతిభను మనం వెదకవలసినది ఇక్కడనే. సభలలో సహకారాన్ని గురించి ఉపన్యసించినవారు ఆ కాలంలో పెక్కుమంది. వేసవిలోనూ మగ్గం ఆగకుండా చూసినవారు కొందరే.

సంఘం పుట్టిన మరుసటి ఏడే రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. నూలు కొరత తీవ్రమై, 1943లో ప్రభుత్వం బట్టపైన, నూలుపైన నియంత్రణ విధించింది. నల్లబజారులో నూలు కొనలేని ఒంటరి నేతగానికి సంఘ సభ్యత్వమే ఆధారమైంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మిల్లు బట్ట పోటీ మరల బలపడింది. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్టపై గజానికి ఇంత అని సుంకం విధించి, ఆ సొమ్మును ఖద్దరు, చేనేతల అభివృద్ధికి వినియోగించేందుకు పార్లమెంటు చట్టం చేసింది. ఇట్టి సహాయం అందినా, దానిని అందుకొనగల బలమైన సంఘం ఊరిలో ఉంటేనే అది మగ్గం దాకా చేరుతుంది. ఎమ్మిగనూరులో అట్టి సంఘం అప్పటికి పదిహేనేండ్లుగా ఉన్నది.

సంఘం చేసిన పనులలో నేతకార్మికుల కొరకు నిర్మించిన కాలనీని ప్రత్యేకంగా పేర్కొనాలి. ఇతరులకు ఇల్లు నివాసం, నేతగానికి అదే కర్మాగారం కూడా. గుంట మగ్గం ఇంటి నేలలోనే తవ్వబడి ఉంటుంది. అద్దె ఇంటిలో గుంట తవ్వడానికి యజమాని ఒప్పుకోకపోవచ్చు. ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే మగ్గాన్ని పెకలించుకొని పోవాలి. పల్లపు గుడిసెలో వాన కురిసిందంటే గుంటలో నీరు ఊరుతుంది, పడుగు చెమ్మగిల్లుతుంది, ఆ వారం మజూరీ ఉండదు. చీకటి గదిలో తెగిన పోగు కంటికి ఆనదు. గాలి, వెలుతురు గల సొంత ఇల్లు నేతగానికి అదనపు సౌఖ్యం కాదు, అతని వృత్తికి అవసరమైన పరికరం. ఆ సంగతి గ్రహించడానికి నేతవాడలో తిరిగిన అనుభవం ఉండాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు బళ్లారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. ఎమ్మిగనూరు ఆ విధంగా కర్నూలు జిల్లాకు వచ్చింది. తెలుగు, కన్నడ భాషలు కలగలిసిన ఈ సీమలో సోమప్ప వంటి పేర్లు రెండు భాషలవారివీ కావడం సహజమే. పద్మ పురస్కారాలు ప్రారంభమైన 1954వ సంవత్సరంలోనే భారత ప్రభుత్వం సోమప్పగారిని పద్మశ్రీతో గౌరవించింది. రాజధానులలోని ప్రముఖుల నడుమ, రైలు సైతం లేని ఒక నేతపట్టణపు కార్యకర్త పేరు ఆ జాబితాలో చేరింది.

తరువాతి దశాబ్దాలలో మరమగ్గాల పోటీ పెరిగింది, నూలు ధరలు పెరిగాయి. చేనేతకు కొన్ని రకాల వస్త్రాలను ప్రత్యేకించే చట్టం 1985లో వచ్చినా, మరమగ్గంపై నేసినదే చేనేత పేరుతో అమ్ముడుపోవడం ఆగలేదు. ఎమ్మిగనూరు సంఘం కూడా ఈ ఒడుదొడుకులకు లోనయింది. సోమప్పగారి కాలంతో పోల్చితే నేడు ఆ ఊరిలో మగ్గాల సంఖ్య బాగా తగ్గింది. మగ్గం విడిచిన కుటుంబాలు ఇతర పనులకు మరలాయి. ఎమ్మిగనూరు నడిబొడ్డున నాలుగు దారులు కలిసే కూడలిని మాత్రం ఊరివారు ఇప్పటికీ సోమప్ప సర్కిల్ అనే పిలుస్తారు. ఆదోని నుండి వచ్చే ప్రయాణికుడు దారి అడిగితే, వారు గుర్తుగా చెప్పేది ఆ పేరునే.