మహిళా శాస్త్రవేత్తలకు పురస్కారాలు, ఫెలోషిప్పులు: విరామం తరువాత మళ్లీ ప్రయోగశాలకు

దేశంలో విజ్ఞానశాస్త్ర విభాగాలలో చదువుకుంటున్న యువతుల సంఖ్య తక్కువేమీ కాదు. ఎం.ఎస్సీ. తరగతులలో అనేక చోట్ల వారిదే ఆధిక్యం. అయితే పరిశోధనను వృత్తిగా కొనసాగిస్తున్న వారిని లెక్కించినప్పుడు పరిస్థితి తారుమారవుతున్నది. 2018 ఏప్రిల్ 1 నాటికి పరిశోధన, అభివృద్ధి రంగంలో ఉన్న సుమారు 3.42 లక్షల మంది శాస్త్రవేత్తలలో మహిళలు 16.6 శాతం మాత్రమేనని కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డి.ఎస్.టి.) గణాంకాలు తెలియజేస్తున్నాయి. ఈ అంతరాన్ని తగ్గించేందుకు గత రెండు దశాబ్దాలుగా వివిధ పథకాలు అమలయ్యాయి. వార్తలలో పురస్కారాలను, ఫెలోషిప్పులను ఒకే గాటన కట్టడం తరచుగా కనిపిస్తుంది. పురస్కారం పూర్తయిన కృషికి లభించే గుర్తింపు కాగా, ఫెలోషిప్పు ఇకపై చేయవలసిన పనికి జీవనభృతిని, పరిశోధన వ్యయాన్ని సమకూర్చే ఏర్పాటు. మహిళల విషయంలో రెండవదానికే ప్రాముఖ్యం అధికం.

సాధారణంగా పిహెచ్.డి. పూర్తయ్యే వయస్సు, వివాహం, ప్రసవం, పిల్లల పెంపకం ఒకే కాలంలో వచ్చి పడతాయి. భర్తకు బదిలీ అయితే ఊరు మారక తప్పని పరిస్థితి. మూడు నాలుగేళ్లు ప్రయోగశాలకు దూరమైన మహిళ తిరిగి దరఖాస్తు చేసుకునే నాటికి ఉద్యోగానికి గరిష్ఠ వయోపరిమితి దాటిపోతుంది. ఇటీవలి పరిశోధన పత్రాలు లేవన్న కారణంతో ఎంపిక సంఘాలు పక్కన పెడతాయి. ప్రతిభలో లోటు లేకున్నా తిరిగి ప్రవేశించే ద్వారమే మూసుకుపోతుంది.

ఈ సమస్యను నేరుగా గుర్తించిన తొలి పథకాలలో ముఖ్యమైనది 2002-03లో డి.ఎస్.టి. ప్రారంభించిన మహిళా శాస్త్రవేత్తల పథకం. విరామం తీసుకున్న మహిళలు మళ్లీ పరిశోధనలోకి రావడానికి ఇది వీలు కల్పించింది. ఇందులోని మొదటి విభాగం మౌలిక, అనువర్తిత శాస్త్రాలలో పరిశోధనకు, రెండవది సమాజానికి నేరుగా ఉపకరించే సాంకేతిక పరిష్కారాలకు, మూడవది మేధోసంపత్తి హక్కులలో ఏడాది శిక్షణకు ఉద్దేశించినవి. ఎంపికైన మహిళ మరొకరి ప్రాజెక్టులో సహాయకురాలిగా కాక, తన పేరు మీదనే ప్రాజెక్టును నిర్వహించడం ఈ పథకంలోని విశేషం. ప్రయోగశాల సదుపాయాన్ని ఆతిథ్య సంస్థ కల్పిస్తుంది. తరువాతి సంవత్సరాలలో 57 ఏళ్ల వయస్సు వరకు దరఖాస్తుకు అవకాశం ఇచ్చారు. మూడవ విభాగంలో శిక్షణ పొందినవారిలో పలువురు పేటెంట్ ఏజెంట్లుగా స్థిరపడ్డారు. ఇంటి నుంచి కూడా చేయదగిన వృత్తి కావడంతో, ఊరు మారినా వారి పని ఆగలేదు.

ఈ కార్యక్రమాలను 2014లో 'కిరణ్' పేరుతో ఒకే గొడుగు కిందికి తీసుకువచ్చారు. తదుపరి ఇది 'వైజ్-కిరణ్'గా మారింది. 2023లో పాత విభాగాల స్థానంలో వైజ్-పిహెచ్.డి., వైజ్-పి.డి.ఎఫ్., వైజ్-స్కోప్, వైజ్-ఐ.పి.ఆర్. పథకాలను, సీనియర్ మహిళా శాస్త్రవేత్తల కొరకు 'విదుషి'ని ప్రవేశపెట్టారు. పాత పేర్లు ఇప్పటికీ కళాశాలల నోటీసు బోర్డులపైన, వార్తలలోనూ కనిపిస్తున్నందున దరఖాస్తుదారులు తికమకపడే అవకాశం ఉన్నది.

బయోటెక్నాలజీ విభాగం 2011లో 'బయోకేర్' కార్యక్రమాన్ని ఆరంభించింది. శాస్త్ర, ఇంజనీరింగ్ పరిశోధన మండలి (సెర్బ్) 2020 అక్టోబరు 29న 'పవర్' పథకాన్ని ప్రకటించింది. 35 నుంచి 55 సంవత్సరాల మధ్య వయస్సు గల మహిళా శాస్త్రవేత్తలకు జీతంతో పాటు నెలకు రూ. 15,000లు, ఏటా రూ. 10 లక్షల పరిశోధన గ్రాంటు మూడేళ్లపాటు అందజేయాలన్నది దాని ఫెలోషిప్పు విభాగం. మొదటి స్థాయి ప్రాజెక్టులకు రూ. 60 లక్షల వరకు, రెండవ స్థాయి ప్రాజెక్టులకు రూ. 30 లక్షల వరకు గ్రాంటును వేరుగా నిర్దేశించారు. 2023 నాటి చట్టం ద్వారా ఏర్పాటైన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థలో సెర్బ్ విలీనమైనది.

మహిళా విశ్వవిద్యాలయాలలో పరికరాలు, ప్రయోగశాలలు సమకూర్చేందుకు 2008-09లో 'క్యూరీ' కార్యక్రమం మొదలైనది. తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం దీని ద్వారా లబ్ధి పొందిన సంస్థలలో ఒకటి. వ్యక్తికి ఇచ్చే ఫెలోషిప్పు గడువుతో ముగిసిపోతుంది, ప్రయోగశాల మాత్రం తరువాత వచ్చే విద్యార్థినులకు మిగులుతుంది.

ఇక పురస్కారాల విషయానికి వస్తే, 1958లో ఆరంభమైన శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతిని అందుకున్న తొలి మహిళ రసాయన శాస్త్రవేత్త అసీమా చటర్జీ. అది 1961లో. రెండవ మహిళగా అర్చనా శర్మ పేరు వినిపించడానికి 1975 వరకు వేచి ఉండవలసి వచ్చింది. భౌతికశాస్త్రంలో ఒక మహిళకు ఈ బహుమతి 2018లో గాని దక్కలేదు. ఆ శాస్త్రవేత్త అదితి సేన్ దే. ఈ బహుమతికి 45 సంవత్సరాల వయోపరిమితి ఉండేది. ఆ వయస్సులోపు కొన్నేళ్లు ప్రయోగశాలకు దూరమైన వారికి ఇది ఎంతటి అడ్డంకి అన్నది వేరుగా చెప్పనక్కరలేదు. 2022లో కేంద్రం విజ్ఞాన పురస్కారాలన్నింటినీ సమీక్షించి, 2023లో రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కార్‌ను నెలకొల్పింది. ఎంపికలో స్త్రీ పురుష సమానతను పాటించాలని దాని నిబంధనలలో పేర్కొన్నారు.

కుష్ఠువ్యాధి రోగనిరోధక శాస్త్రంలో పరిశోధనలు చేసిన ఇందిరా నాథ్ 1983లో భట్నాగర్ బహుమతిని, 2002లో లోరియల్-యునెస్కో పురస్కారాన్ని అందుకున్నారు. హైదరాబాద్‌లోని బ్లూ పీటర్ పరిశోధన కేంద్రానికి ఆమె నేతృత్వం వహించారు. హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త మంజులా రెడ్డి బ్యాక్టీరియా కణకవచ నిర్మాణంపై చేసిన కృషికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

విద్యార్థినులకు సహాయం ఎంత దూరం తీసుకుపోగలదో తెలిపే పాత ఉదాహరణ ఒకటి ఉన్నది. ఆసియా మహిళల కొరకు మిచిగన్ విశ్వవిద్యాలయం 1917లో నెలకొల్పిన బార్బర్ స్కాలర్‌షిప్పుతో తలచేరికి చెందిన జానకీ అమ్మాళ్ అమెరికా వెళ్లి, 1931లో డాక్టరేటు పొందారు. వృక్ష కణశాస్త్రంలో పేరు గడించిన ఆమెను 1977లో పద్మశ్రీ వరించింది.

ఈ పథకాలలోని ప్రధాన లోపాన్ని కూడా గమనించవలసి ఉన్నది. ఫెలోషిప్పు పరిమిత కాలానికి మాత్రమే. అది ముగిసిన పిదప శాశ్వత పదవి హామీ ఏదీ లేదు. ఒక పథకం నుంచి మరొక పథకానికి మారుతూ వయస్సు మీరిపోయే వారు కొందరు. డి.ఎస్.టి. 2020లో చేపట్టిన 'గతి' కార్యక్రమం ఈ కారణంగానే వ్యక్తులపై కాక, సంస్థల నియామకాలు, పదోన్నతులు, శిశు సంరక్షణ సదుపాయాలపై దృష్టి సారించింది. యు.జి.సి. 2016 నిబంధనలు పిహెచ్.డి. చేస్తున్న మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవును, గడువులో రెండేళ్ల అదనపు సమయాన్ని కల్పించాయి. ఫెలోషిప్పుతో పోలిస్తే వార్తలకు ఎక్కని నిబంధన ఇది. అయితే పిహెచ్.డి. మధ్యలో మానివేయవలసిన స్థితిలో ఉన్న విద్యార్థినికి ముందుగా అక్కరకు వచ్చేది ఇదే. ఈ సెలవు గురించి విశ్వవిద్యాలయ అధికారులు విద్యార్థినులకు ప్రవేశ సమయంలోనే తెలియజేయడం మేలు.

వైజ్-కిరణ్ పథకాలకు దరఖాస్తులను డి.ఎస్.టి. ఇ-పి.ఎం.ఎస్. పోర్టల్ ద్వారా, ప్రకటన వెలువడినప్పుడు సమర్పించవలసి ఉంటుంది. ఆతిథ్య సంస్థ ఆమోదపత్రం తప్పనిసరి. ఈ పత్రం సకాలంలో చేతికి అందక దరఖాస్తు ఆగిపోకుండా, సంస్థల అధిపతులు దానిని జాప్యం లేకుండా జారీ చేయవలసి ఉన్నది.