తెడ్లు వేసినవారెవరు? బైజాంటియం – అరబు నౌకాయుద్ధాలలో ఐగుప్తు క్రైస్తవులు

సంఘ చరిత్రను బోధించేటప్పుడు 717–718 నాటి కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిని క్రైస్తవులకు, ముస్లిములకు మధ్య జరిగిన పోరుగా చెప్పి ముగించడం మనకు అలవాటు. ముట్టడికి వచ్చిన ఓడలలో తెడ్లు వేసినవారెవరు అన్న ప్రశ్న మన తరగతులలో అరుదుగా వినబడుతుంది.

సిరియా అధిపతి ముఆవియా 649లో కుప్ర మీద దాడి చేసే నాటికి ఆయన సైన్యానికి నౌకాయుద్ధం కొత్త. ఓడలు కట్టేవారు, నడిపేవారు ఐగుప్తు, సిరియా తీరాల నుండే దొరకాలి. అక్కడివారిలో అత్యధికులు క్రైస్తవులు. అయినా 654 లేక 655లో లుకియ తీరాన ఫీనిక్సు దగ్గర (అపొ. కా. 27:12లోని క్రేతు ఫీనిక్సు వేరు) ఆ నౌకాదళం చక్రవర్తి రెండవ కాన్‌స్టన్స్‌ను చిత్తుగా ఓడించింది. ఆయన మరొకరితో బట్టలు మార్చుకొని తప్పించుకున్నాడు. తరువాత బైజాంటియం వారిని కాపాడిన ‘గ్రీకు అగ్ని’ని తెచ్చిన కల్లినికోసు కూడా సిరియా నుండి పారిపోయి వచ్చినవాడే.

ఐగుప్తులోని అఫ్రొదితోలో 1901లో దొరికిన పపైరసు పత్రాలు ఇక్కడ మనకు ఎంతో విలువైనవి. 709 నుండి 714 వరకు ఐగుప్తును ఏలిన కుర్రా ఇబ్న్ షరీక్ ఆ ప్రాంతపు క్రైస్తవ అధికారి బసిలియుకు వ్రాసిన ఉత్తరాలు వాటిలో ఉన్నాయి. సముద్రదాడికి ఇందరు నావికులు, వారి జీతం, రొట్టె. క్లుస్మలోను, బబులోనులోను (దానియేలు నాటి బబులోను కాదు, నేటి కైరో చెంత ఉన్న కోట) ఓడల పనికి ఇందరు వడ్రంగులు కావాలని ఆయన లెక్క కట్టి అడుగుతాడు. పంపిన నావికులు పని విడిచిపోరని ఊరివారు కోప్తు భాషలో పూచీ వ్రాసి ఇవ్వాలి. పూచీ అడిగారంటే పారిపోయేవారు ఉన్నారన్నమాట.

718 వసంతకాలంలో ఐగుప్తు నుండి వచ్చిన ఓడల నావికులు రాత్రివేళ చిన్న పడవలలో నగరానికి చేరి చక్రవర్తికి జేజేలు పలికారని థియోఫనెసు వ్రాశాడు. వారు చెప్పిన జాడతో మూడవ లియో ఆ ఓడల మీదికి అగ్నినౌకలను పంపాడు. ఆగస్టు 15న ముట్టడి ముగిసింది.

దీనిని విశ్వాస విజయంగా ప్రసంగించవచ్చునా? మాకు సందేహమే. 451 నాటి కల్సెదోను సభ తరువాత కోప్తు సంఘం చక్రవర్తుల చేతిలో చాలా బాధలు పడింది. ఆ గాయం ఒక్క రాత్రిలో మానేది కాదు. పైగా థియోఫనెసు దాదాపు నూరేండ్ల తరువాత వ్రాసిన కల్సెదోను పక్షపు సన్యాసి. పపైరసులను ముందుంచుకొని చూస్తే, ఆ పడవలు ఎక్కినవారు సిద్ధాంతం మార్చుకున్నవారిగా కాక, నిర్బంధ సేవ నుండి పారిపోయినవారిగా మాకు కనబడుతున్నారు. అటువంటి వారికి పూచీ పడినవారు మాత్రం అఫ్రొదితో వంటి ఊళ్లలోనే మిగిలి ఉన్నారు.