మూలన పడ్డ బండి మళ్లీ రోడ్డెక్కాలంటే...

గొడ్ల సావిట్లో ఓ మూల. పైన పాత గోనె సంచులు, కింద గాలి పోయిన టైర్లు. నాన్న కొన్న మోటారు సైకిలు. ఆయన కాలం చేశాక ఎవరూ బయటికి తీయలేదు. ఇంకో ఇంట్లో కొడుకు పట్నం పోతూ వదిలేసిన బండి. ఇలాంటివి ఒకటో రెండో లేని వీధి మన పల్లెల్లో తక్కువే.

పాల కేంద్రానికి క్యాను తీసుకెళ్లాలి. రాత్రి కరెంటొస్తే పొలానికెళ్లి మోటారు వేయాలి. ఎరువుల కొట్టు నుంచి కట్ట తెచ్చుకోవాలి. రెండు మూడెకరాల రైతుకు బండి ఇప్పుడు షోకు కాదు, కాడెద్దు లాంటిది. కొత్తది కొనాలంటే మళ్లీ అప్పు. అందుకే చాలామంది చూపు సావిట్లో బండి మీదికే పోతుంది. బాగు చేసుకోవచ్చు కూడా. కాకపోతే వరస తప్పకూడదు.

అద్దంకి ప్రాంతంలో మూడెకరాలు చేసుకునే ఓ రైతు వరస తప్పాడు. ఆరేళ్లుగా కదలని బండిలో, ఉన్న పాత పెట్రోలు మీదే రెండు లీటర్లు కొత్తది పోశాడు. అరగంట కిక్కు కొడితే ఇంజిను అందుకుంది. ఆ సంతోషంలో పాల క్యాను కట్టుకుని బయల్దేరాడు. వాగు దగ్గర వాలులో బ్రేకు తొక్కితే పెడలు కిందికి పోయింది, బండి మాత్రం ఆగలేదు. మిరప కోతలు మొదలైన వారంలోనే కాలికి కట్టు పడింది. కోత కూలీల దగ్గర నిలబడే మనిషి లేక ఇంటిల్లిపాదీ తిప్పలు పడ్డారు.

"ఇంజిను లేవకపోతే ఏమవుతుందన్నా? బండి ఇంట్లోనే ఉంటుంది. బ్రేకు పట్టకపోతేనే మనిషి పోతాడు. అందరూ ముందు ఇంజినే చూస్తారు" అన్నాడు ఆ తర్వాత ఆ బండిని బాగు చేసిన మెకానిక్కు. ఆ మాట గుర్తు పెట్టుకుని చదవండి.

ముందు సీ బుక్కు తీయండి

స్పానరు పట్టుకోవడానికి ముందే బండి కాగితాలు చూడండి. కొత్త మోటారు సైకిలు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. దరఖాస్తుకు ఫారం 25 వాడతారు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకూ మోటారు సైకిలుకు 300 రూపాయల అదనపు రుసుం ఉంది. రెండేళ్లు ఆలస్యమైతే 24 నెలలకు 7,200 రూపాయలు. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు పొడిగింపు రుసుమును 2025 ఆగస్టులో 2,000 రూపాయలకు పెంచారు. హరిత పన్ను వేరే.

కాబట్టి రవాణా శాఖ ఆఫీసులో బండి నంబరు చెప్పి మొత్తం ఎంతవుతుందో ముందే లెక్క కట్టించుకోండి. ఆ లెక్కా, మెకానిక్కు చెప్పే లెక్కా కలిపితే బండి విలువను మించుతుందనుకోండి, అక్కడే ఆగిపోవడం మేలు. అలాంటి బండిని గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి ఇచ్చి, రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలి. పాత ఇనుము వాడికి ఊరికే తూచి ఇస్తే బండి మీ పేరు మీదే ఉండిపోతుంది.

బండి తండ్రి పేరున ఉండి ఆయన చనిపోయి ఉంటే వారసుడి పేరుకు మార్చుకోవాలి. దానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి.

బీమా మాట మరిచిపోవద్దు. కనీసం థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డెక్కడం నేరం. మొదటిసారి దొరికితే జరిమానా 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000. జైలు శిక్షకు కూడా అవకాశం ఉంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే కోర్టు వేసే పరిహారం బండి యజమానే కట్టుకోవాలి. అది లక్షల్లో ఉంటే పొలం మీదికే వస్తుంది. బీమా కట్టే డబ్బు దండగనుకునే వాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

చేయి పెట్టే ముందు కర్ర పెట్టండి

బండిని సావిట్లోంచి ఎండలోకి తోయండి. సీటు కింద, సైడు డబ్బాల్లో చేయి పెట్టకండి. ముందు కర్రతో తట్టండి. తేలు, పాము, కందిరీగలు ఏదైనా ఉండొచ్చు. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుకలు గూడు పెట్టడం మామూలే. సైలెన్సరు గొట్టంలో కూడా మట్టి గూళ్లుంటాయి. అన్నీ శుభ్రం చేశాక వైర్లు ఒక్కొక్కటే వేళ్లతో తడిమి చూడండి. ఎలుకలు కొరికిన చోట రాగి తీగ బయటపడి ఉంటే టేపు చుట్టించాలి, లేకుంటే వైరే మార్పించాలి. అప్పటిదాకా తాళం తిప్పవద్దు, కిక్కు కొట్టవద్దు.

పాత పెట్రోలు పనికిరాదు

పెట్రోలు నిలవుంటే చెడిపోతుంది. తేలికైన భాగం ఆవిరై, మిగిలింది జిగురులా మారి రంగు వాసన కొడుతుంది. అది కార్బ్యురేటరులోని సన్న రంధ్రాలను మూసేస్తుంది. దాని మీద కొత్తది పోస్తే కొత్తదీ పాడే. మొత్తం ఓ డబ్బాలోకి దించేయండి. స్ప్రేయరు ఇంజిన్లో వాడదామని దాచుకోకండి, అదీ పాడవుతుంది. బావి దగ్గరా, కాలవలోనూ పారబోయవద్దు. ఈ పని ఆరుబయట చేయాలి. బీడీ, చుట్ట, పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు.

ట్యాంకు లోపల టార్చి లైటు వేసి చూడండి. అగ్గిపుల్ల గీసి చూసే తెలివితక్కువ పని చేయకండి. ఎర్రగా తుప్పు కనిపిస్తే ట్యాంకు ఊడదీసి, లీటరు డీజిలు పోసి, గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా కులికించాలి. ఎన్ని నట్లు వేశారో లెక్క రాసుకుని, తిరిగి అన్నీ తీయండి. రెండు మూడుసార్లు కడిగి, చివర కొంచెం పెట్రోలుతో తొలిపి ఆరబెట్టాలి. ట్యాంకు కారుతుంటే వెల్డింగు పెట్టించే తొందర వద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరే పేలుతుంది. పెట్రోలు కాక్ జాలీ, పైపు కొత్తవి వేయించండి. ఎండిన రబ్బరు పైపు తడి తగలగానే పగులుతుంది.

కార్బ్యురేటరు విప్పి శుభ్రం చేయించాలి. జెట్టు రంధ్రంలో సూది, గట్టి తీగ దూర్చకండి. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది. క్లీనరు కొట్టి గాలి ఊదితే చాలు.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మనం పండించే చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసేదే. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. పాత బండ్ల రబ్బరు వాషర్లను, పైపులను మెత్తబరుస్తుంది. కాబట్టి పాత బండిలో కొద్దికొద్దిగా పోసుకుని వాడేయండి. నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచవద్దు.

ఇంజిన్ని మెల్లగా లేపండి

ఏళ్ల తరబడి కదలని ఇంజిన్లో పిస్టను రింగులు పట్టేసి ఉండొచ్చు. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి ఓ చెంచా ఇంజిన్ ఆయిలు వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి ప్లగ్గు లేకుండానే కిక్కు రాడ్డును చేత్తో మెల్లగా నొక్కండి. కదిలితే మంచిదే. కదలకపోతే కాలితో ఎగిరి తన్నకండి, మెకానిక్కును పిలవండి. పది రూపాయల ఆయిలుతో పోయేది బోరింగు దాకా పోతుంది.

నాలుగు స్ట్రోకుల బండి అయితే, అంటే హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ లాంటివైతే, పాత ఇంజిన్ ఆయిలు మొత్తం తీసేయాలి. పాల రంగులో వస్తే నీళ్లు కలిశాయని గుర్తు. కొత్త ఆయిలు పుల్లతో కొలత చూసి పోయండి, గీత దాటనీయకండి. బండి 300, 400 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి మార్చాలి. లోపల కరిగిన మడ్డి అంతా అప్పుడు బయటికొస్తుంది. రాజ్‌దూత్, పాత టీవీఎస్ 50 లాంటి రెండు స్ట్రోకుల బండ్లలో పెట్రోలులోనే టూటీ ఆయిలు కలపాలి. ఉత్త పెట్రోలుతో నడిపితే పిస్టను పట్టేస్తుంది.

ప్లగ్గు కొత్తది వేయడమే మేలు. హీరో హోండా తరహా బండ్లకు ప్లగ్గు సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. బ్యాటరీ చాలాకాలం ఛార్జి లేకుండా పడి ఉంటే తిరిగి కోలుకోవడం కష్టం. నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు కాదు. ఈ తరహా పాత బండ్లు బ్యాటరీ లేకున్నా కిక్కుతో లేస్తాయి గానీ హారను, ఇండికేటర్లు పనిచేయవు.

బ్రేకు, టైరు దగ్గర లోభం వద్దు

చక్రాలు రెండూ విప్పించి బ్రేకు షూలు చూడాలి. నిలవున్న బండిలో డ్రమ్ము తుప్పు పడుతుంది, షూ మీద పొర గట్టిపడి జారుతుంది, షూలను తెరిచే క్యాము బిగుసుకుపోతుంది. అద్దంకి రైతు బండిలో జరిగింది ఇదే. కొత్త షూలు వేయించి, క్యాముకు గ్రీజు పెట్టించి, కేబుళ్లు మార్పించండి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి, ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవండి.

టైరు మీద గాట్లు బాగానే ఉన్నాయని మోసపోకండి. టైరు పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. పక్కల్లో సన్న పగుళ్లుంటే లోతు ఎంతున్నా తీసేయాల్సిందే. ట్యూబులు కూడా మార్చండి. గోనె కట్ట వేసుకుని వెళుతుంటే ముందు టైరు పేలిందంటే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

చైను తుప్పు పట్టి మడత దగ్గర బిగుసుకుంటే కొత్త సెట్టు వేయించండి. హెడ్‌లైటు, వెనక ఎర్ర లైటు, బ్రేకు లైటు, హారను, అద్దాలు పనిచేయాలి. చీకట్లో ట్రాక్టరు వెనకొస్తే మిమ్మల్ని కాపాడేది ఆ ఎర్ర లైటే.

మొదటి రోజు

బండిని ఆరుబయటే స్టార్టు చేయండి. తలుపులేసిన గదిలో పొగ ప్రాణం తీస్తుంది. ప్లగ్గు రంధ్రంలో వేసిన ఆయిలు వల్ల మొదట పొగ వస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. తగ్గకుండా నీలి పొగ వస్తూనే ఉంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగినట్టు. క్లచ్చు ప్లేట్లు అతుక్కుని ఉండొచ్చు కాబట్టి మొదటిసారి గేరు వేసేటప్పుడు ఎదురుగా మనిషి గానీ, గోడ గానీ లేకుండా చూసుకోండి.

ముందు కళ్లంలో నడక వేగంతో తిప్పండి. ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా పది సార్లు పట్టి చూడండి. ఆ తర్వాత డొంకలో ఒక కిలోమీటరు. దిగి, నట్లు వదులయ్యాయా, పెట్రోలు కారుతోందా, చక్రం మధ్య భాగం కాలుతోందా చూడండి. వారం పాటు ఒక్కరే, బరువు లేకుండా నడపండి. క్యాన్లూ, కట్టలూ ఆ తర్వాతే. హెల్మెట్టు పొలానికెళ్లేటప్పుడూ అవసరమే.

డబ్బు చాలకపోతే ఇలా ఖర్చు పెట్టండి: ముందు కాగితాలు, బీమా. తర్వాత బ్రేకులు, టైర్లు. ఆ తర్వాత పెట్రోలు దారి, ఇంజిన్ ఆయిలు. ఆపైన లైట్లు, చైను. రంగు, సీటు కవరు చివర. మెకానిక్కు దగ్గర ఏ వస్తువుకెంతో చీటీ మీద ముందే రాయించుకోండి. ఇంజిను పని ఎక్కువుందంటే రెండో మెకానిక్కును కూడా అడగండి.

అద్దంకి రైతు ఇప్పుడు అదే బండి మీద పాల కేంద్రానికి వెళుతున్నాడు. రోజూ వాకిట్లోంచి బయటికొచ్చి, నాలుగడుగులు పోయాక ఓసారి బ్రేకు తొక్కి చూసుకుని మరీ కదులుతాడు. "నాన్న బండి కదా, అమ్మబుద్ధి కాలేదు. ముందే ఇట్టా చేసుంటే ఆ యేడు మిరప నా చేతుల మీదుగా కోయించుకునేవాణ్ని" అంటాడు. మీ సావిట్లో కూడా అలాంటి బండి ఉంటే ఈ ఆదివారం గోనె సంచులు తీయండి. కిక్కు మాత్రం కొట్టకండి. ముందు సీ బుక్కు వెతకండి.