బూజు పండించే టీ

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరాన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు. చైనాలో పనిచేసి వచ్చిన వాళ్లబ్బాయి కాగితంలో చుట్టిన గుండ్రటి టీ బిళ్ల ఒకటి తెచ్చాడట. చూడ్డానికి అచ్చం పిడకేనట. ఇరవై ఏళ్లు దాచుకుంటే రుచి ఇంకా పెరుగుతుందని అమ్మినవాడు చెప్పాడట. "మా డబ్బాలో టీ పొడి ఒక్క వానాకాలం గడిస్తే చాలు, చప్పబడిపోతుంది. అది టీ అయితే ఇది టీ కాదా?" అని ఆవిడ నిలదీశారు.

రెండూ టీయే. దగ్గరి చుట్టాలు కూడా. ఆ బిళ్ల పేరు పు-అర్. నైరుతి చైనాలోని యునాన్ రాష్ట్రంలో పెరిగే పెద్దాకు టీ చెట్ల నుంచి వస్తుంది. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన చింగ్‌మై కొండల పాత టీ అడవులు ఆ ప్రాంతంలోనివే. అస్సాం తోటల్లోనూ ఆ పెద్దాకు రకమే పెరుగుతుంది. తేడా మొక్కలో లేదు, కోశాక ఆకుకు జరిగే మర్యాదలో ఉంది. ఈ సంగతి యూరప్‌కు తెలియడానికి చాలాకాలం పట్టింది. లినేయస్ అంతటివాడే 1762లో గ్రీన్ టీ మొక్క వేరు, బ్లాక్ టీ మొక్క వేరు అని రెండు పేర్లు పెట్టేశాడు. 1840లలో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తోటలన్నీ తిరిగి, ఒకే మొక్క నుంచి రెండూ చేస్తారని చూసి వచ్చి చెప్పాడు.

ఆకులో కాటెచిన్లనే వగరు పదార్థాలు ఒక గదిలో, వాటిని ఆక్సీకరణ చేసే ఎంజైమ్ ఇంకో గదిలో ఉంటాయి. ఆకు నలిగితే రెండూ కలుస్తాయి, ఆకు ఎర్రబడుతుంది. వెంటనే వేడి చేసి ఎంజైమ్‌ను చంపేస్తే గ్రీన్ టీ. దాని పని దాన్ని చేయనిచ్చి, ఆపైన వేడిగాలితో తేమ 3 శాతానికి వచ్చేదాకా ఆరబెడితే మన పొడి. ఈ ఎర్రబడటం సూక్ష్మజీవుల పనే అయి ఉంటుందని ఒకప్పుడు వాదించినవాళ్లున్నారు. కాదు, ఆకులోని ఎంజైమే చేస్తోందని 1900ల మొదట్లో ఇండియన్ టీ అసోసియేషన్ శాస్త్రవేత్త హెరాల్డ్ మాన్ తేల్చాడు. బ్లాక్ టీ విషయంలో ఆ సూక్ష్మజీవుల వాదం తప్పే. అయితే యునాన్‌లో అదే వాదం అక్షరాలా నిజం! నాకు ఈ కథలో ఇంతకంటే ఇష్టమైన మలుపు లేదు.

పు-అర్ ఆకును ఇనుప మూకుడులో తగుమాత్రం వేడి మీదే వేయిస్తారు. నలిపి, ఎండలో ఆరబెడతారు. కాటెచిన్లు చాలావరకు చెక్కుచెదరవు. ఎంజైమ్ కొంత కొనఊపిరితో మిగులుతుంది. తేమ 10 శాతం దాకా ఉండిపోతుంది. ఆవిరిపట్టి బిళ్లలుగా నొక్కుతారు, ఒక్కోటి 357 గ్రాములు. కొత్త బిళ్ల డికాషన్ తాగితే నాలుక పట్టేస్తుంది. అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

నిల్వ ఉన్న ఉల్లిపాయ పొట్టు తీస్తే లోపల మసి రాసినట్టు నల్ల బూజు కనిపిస్తుంది చూశారా? అది అస్పర్జిల్లస్ నైగర్, లేదా దాని తోబుట్టువు. టీని పండించే జీవుల్లో ఈ కుటుంబానిదే పెద్దపీట. టానేజ్ అనే ఎంజైమ్‌ను అది బయటికి వదులుతుంది. టీలోని కాటెచిన్లలో బాగా వగరైన వాటికి గాలిక్ ఆమ్లం తోకలా అతుక్కుని ఉంటుంది. ఆ తోకతోనే అవి మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. ప్రొటీన్లు ముద్దకట్టి, జారుడు పోయి, నోరు గరగరలాడుతుంది. వగరంటే మనకు తెలిసేది ఇదే. టానేజ్ ఆ తోకను కత్తిరిస్తుంది. తోక పోయిన కాటెచిన్‌కు పట్టు సడలుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త వాన్ టీగెమ్ 1867లోనే, మాచికాయల కషాయంలో బూజు పెరిగితే గాలిక్ ఆమ్లం పుడుతుందని చూపించాడు. ఈ బూజుకు నైగర్ అని పేరు పెట్టిందీ ఆయనే.

తెగిపడ్డ గాలిక్ ఆమ్లం కూడా వృథా పోదు. సూక్ష్మజీవులు దానికి మిథైల్ గుంపులు తగిలిస్తే మెథాక్సీ బెంజీన్లు తయారవుతాయి. పాత పుస్తకాల బీరువా తెరిచినప్పటి వాసన పు-అర్‌కు వచ్చేది ప్రధానంగా వాటి వల్లే. మిగిలిన కాటెచిన్లు ఒకదానికొకటి ముడిపడి థియాబ్రౌనిన్లనే భారీ అణువులవుతాయి. డికాషన్ చిక్కటి ఎరుపులోకి దిగుతుంది, రుచి మెత్తబడుతుంది. ఇదే వగరును మనం పాలతో లొంగదీస్తాం. పాలలోని కేసీన్ లాలాజలం కంటే ముందే కాటెచిన్లను పట్టేసుకుంటుంది. వాళ్లు బూజుకు అప్పగించిన పనిని మనం గేదెకు అప్పగించామన్నమాట.

ఇదంతా జరగాలంటే నీరు కావాలి. ఆకులో ఎంత నీరుందన్నది కాదు, అందులో ఎంత నీరు సూక్ష్మజీవికి అందుతుందన్నదే లెక్క. హాంకాంగ్ వ్యాపారుల చెమ్మ గోదాముల్లో పు-అర్ త్వరగా పండేది, ఆ రుచికే గిరాకీ. దాన్ని అందుకోవడానికే 1973లో కున్‌మింగ్ ఫ్యాక్టరీవాళ్లు ఆకును గుట్టలు పోసి, నీళ్లు చిలకరించి, కప్పిపెట్టే పద్ధతిని రూపొందించారు. గుట్ట లోపల వేడి 50 నుంచి 60 డిగ్రీలకు చేరుతుంది. దశాబ్దాల పని నెలన్నర, రెండు నెలల్లో అయిపోతుంది. కాబట్టి ఏళ్లు గడిస్తే చాలు టీ పండుతుందనేది ఒట్టి మాట. ఆ మాట నమ్మి బిళ్లలు పోగేసినవాళ్లు 2007లో ధరలు కుప్పకూలినప్పుడు నిండా మునిగారు.

మన పొడి ఎందుకు పండదో ఇప్పుడు చెప్పక్కర్లేదు. ఎంజైమ్ చచ్చింది, మార్పు చెందాల్సిన కాటెచిన్లు ఫ్యాక్టరీలోనే చాలావరకు ఖర్చయ్యాయి. ఇక అది పోగొట్టుకోవడమే. చెమ్మ పీల్చిందంటే చురుకునిచ్చే థియాఫ్లేవిన్లు విరిగిపోతాయి, పరిమళం ఎగిరిపోతుంది. సన్నటి పొడి కాబట్టి చెమ్మే కాదు, పక్కనున్న ఇంగువ వాసన కూడా లాగేసుకుంటుంది. ఇంత తెలిసీ మన వంటిళ్లలో టీ పొడిని పొయ్యి పక్క అరలో, గాజు సీసాలో, ఎండ తగిలేలా పెడతారెందుకో నాకు అంతుపట్టదు. బిగుతు మూత స్టీలు డబ్బా, చీకటి అర, నెలకు సరిపడా పొడి, పొడి చెంచా. అంతే.

కాకినాడ బిళ్ల సంగతి. గాలిలో తేమ 60, 70 శాతం మధ్య ఉంటే అది నెమ్మదిగా పండుతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండల్లో అయితే నిద్రపోతుంది. తీరప్రాంతపు వానాకాలంలో తేమ 75 శాతం దాటితే రాకూడని బూజులూ వస్తాయి. అందుకని వానాకాలం నాలుగు నెలలూ మూత బిగించిన డబ్బాలో ఉంచి, తక్కిన రోజుల్లో వాసనల్లేని అలమరలో కాగితం చుట్టుతోనే పెట్టండి. పసుపు, ఆకుపచ్చ నూగు కనిపిస్తే గీకి వాడొద్దు. వేరుశనగలో మనం భయపడే అఫ్లాటాక్సిన్ అలాంటి బూజుల నుంచే వస్తుంది, మరిగించినా పూర్తిగా పోదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా పారేయండి.